ప్రాత మెయిన్‌ఫ్రేమ్ దత్తాంశములు - ఛాయానిధి పద్ధతి

1. ప్రస్తావము

ఒక కావ్యమునకు తంజావూరున నొక తాళపత్రప్రతియు, చెన్నపట్టణమున నొక కాగితపుప్రతియు, తిరుపతిలో మఱియొక ప్రతియు ఉన్నవనుకొందము. పరిష్కర్త ఈ మూటిని ఒకచోటికి తెచ్చి కలిపి కుట్టడు. ఏ ప్రతి ఎచ్చట నున్నదో అచ్చటనే యుండనిచ్చి, వాని పాఠములను సరిచూచి, భేదములను అధోజ్ఞాపికలలో చూపి, చదువరికి ఒక్క గ్రంథము నందించును. మూలప్రతులు చెడవు, చదువరికి మూడూళ్లు తిరుగు శ్రమ తప్పును.

కంప్యూటర్ల లోకమున ఇట్టి పని యొకటి కొన్ని దశాబ్దములుగా జరుగుచున్నది. పెద్ద సంస్థల లెక్కలును పట్టికలును మెయిన్‌ఫ్రేమ్ అను ప్రాత తరగతి యంత్రములలో, ఒకదానితో నొకటి పొసగని రూపములలో నిలిచియున్నవి. వానిని కదలింపకయే, వాని పైభాగమున ఒక పొరను కల్పించి, అన్నియు ఒకే నిధి యన్నట్లు చూపుట ఆ పని. దీనిని వర్చువల్ డేటాబేస్ పొర యందురు. ఈ పొర యేమి చేయునో, ఏమి చేయజాలదో వివరించుట ఈ వ్యాసమున నా యుద్దేశము.

భాషాసాహిత్యముల వారికి ఈ విషయముతో పనియేమి యని శంక కలుగవచ్చును. మన పదసూచికలు, నిఘంటువుల చీట్లు, వ్రాతప్రతుల జాబితాలు, విద్యార్థుల పట్టికలు ఎన్నియో 1970, 1980 దశకములలో ప్రాత యంత్రముల కెక్కినవి. వాని భవితవ్యమును నిర్ణయించు సమావేశములలో మనమును కూర్చుందుము. అచ్చట మాటలాడుటకు కొంత తెలిసియుండవలెను.

2. ప్రాత యంత్రము లేల నిలిచినవి

ఐ.బి.ఎం. సంస్థ 1964 ఏప్రిల్ 7వ తేదీన సిస్టమ్-360 అను యంత్రకుటుంబమును ప్రకటించెను. అంతకు పూర్వము క్రొత్త యంత్రము కొన్నప్పుడెల్ల ప్రోగ్రాములను తిరిగి వ్రాయవలసివచ్చెడిది. ఈ కుటుంబమున చిన్న యంత్రమునకు వ్రాసిన ప్రోగ్రాము పెద్ద యంత్రమునను నడచును. ఆ వాగ్దానమును సంస్థ తరతరములుగా నిలుపుకొనినందున, నాటి ప్రోగ్రాములు కొన్ని నేటి యంత్రములపైనను నడువగలవు. వాణిజ్యకార్యముల కనుకూలముగా 1959లో రూపకల్పన ప్రారంభమైన కోబాల్ భాష ఈ యంత్రములకు ముఖ్యభాష యైనది. అమెరికా చంద్రయాత్రకై తయారగుచున్న అంతరిక్షనౌకల విడిభాగముల పట్టికలను నిర్వహించుటకు పుట్టిన ఐ.ఎం.ఎస్. అను దత్తాంశవ్యవస్థ 1968లో పనిలోనికి వచ్చినది. నేటికిని పెద్ద బ్యాంకులు, భీమా సంస్థలు, ప్రభుత్వశాఖలు అనేకదేశములలో ఇట్టి వ్యవస్థలపై ఆధారపడియున్నవి.

ఇవి నిలుచుటకు అలసత మొక్కటియే కారణము కాదు. ఒక ప్రోగ్రాము ముప్పదియేండ్లు నడచినదనగా ఆ ముప్పదియేండ్ల శాసనములు, మినహాయింపులు, న్యాయస్థానముల తీర్పులు, అధికారుల యుత్తరువులు దానిలో చేరియున్నవని యర్థము. అవి అన్నియు వేఱొకచోట వ్రాయబడియుండవు. ప్రోగ్రామును త్రోసివేసినచో ఆ జ్ఞానమంతయు పోవును.

3. మూడు విధములైన భేదములు

రెండు దత్తాంశములను కలిపి చదువబోయినప్పుడు ఎదురగు భేదములను లిపిభేదము, రూపభేదము, అర్థభేదము అని మూడుగా విభజింపవచ్చును.

లిపిభేదము మొదటిది. కంప్యూటరు అక్షరమును అక్షరముగా నెఱుగదు, సంఖ్యగానే యెఱుగును. ఏ యక్షరమునకు ఏ సంఖ్య యనునది ఒక ఒప్పందము. మెయిన్‌ఫ్రేములు వాడు ఎబ్సిడిక్ అను ఒప్పందమున ఆంగ్లభాషలోని మొదటి పెద్దయక్షరమునకు 193; ఇతరయంత్రములు వాడు ఆస్కీ ఒప్పందమున దానికే 65. సంఖ్యల విషయమునను ఇట్టి చిక్కు గలదు. 12345 అను సంఖ్యను అక్షరములుగా వ్రాసినచో ఐదు బైట్లు పట్టును. మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాములు బైటునకు రెండంకెల చొప్పున ఇమిడ్చి, చివరి అరబైటున ధనఋణచిహ్నము నుంచి, మూడు బైట్లతో ముగించుట సామాన్యము. ఈ మర్మ మెఱుగనివాడు ఆ మూడు బైట్లను అక్షరములుగా చదివినచో అర్థము లేని గీతలు కనబడును.

భారతీయభాషల వారికి ఇది క్రొత్త కాదు. 1991లో భారతీయ ప్రమాణముగా ప్రకటింపబడిన ఇస్కీ పద్ధతిలో 179 అను సంఖ్య ఒక్కటియే తెలుగున ‘క’గాను, దేవనాగరిలో ఆ లిపి కకారముగాను చదువబడును. లిపి యేదో వేఱుగా చెప్పవలెను. యూనికోడ్ పద్ధతిలోనో, ప్రతి లిపికిని వేఱుస్థానము కలదు. కావున ఇస్కీలోని బైట్లు చెడకుండ చేతికి వచ్చినను, ఇది తెలుగు అను చిన్న సూచన పోయినచో పాఠము నిశ్చయింపరాదు.

రెండవది రూపభేదము. ఐ.ఎం.ఎస్. వంటి వ్యవస్థలో దత్తాంశము వంశవృక్షమువలె నుండును. విద్యార్థి మూలపురుషుడు, అతడు వ్రాసిన పరీక్షలు సంతానము, ఒక్కొక్క పరీక్షలోని మార్కులు మనుమలు. ‘ఈ విద్యార్థికి వచ్చిన మార్కులెన్ని’ అను ప్రశ్నకు వృక్షమున వెంటనే ప్రత్యుత్తరము దొరకును. ‘ఛందస్సులో అరువదికి మించిన మార్కులు వచ్చినవారెవరు’ అనినచో మాత్రము, అందుకు తగిన ప్రత్యేకసూచిక లేనియెడల, ప్రతి వృక్షమును మొదటినుండి యెక్కి చూడవలెను. 1970లో ఇ. ఎఫ్. కాడ్ అను శాస్త్రజ్ఞుడు దీనికి ప్రత్యామ్నాయముగా సంబంధపట్టికల పద్ధతిని ప్రతిపాదించెను. దానిలో అన్నియు వరుసలు, నిలువుగడులు గల పట్టికలే. ఏది కావలెనో చెప్పిన చాలును. ఏ దారిన వెదకవలెనో అడుగువాడు చెప్పనక్కఱలేదు. నేటి ప్రశ్నభాషయైన ఎస్.క్యు.ఎల్. ఆ భావమునుండి పుట్టినదే.

మూడవదియగు అర్థభేదము అన్నిటికంటె కఠినము. ‘సంవత్సరము’ అను గడి ప్రవేశశాఖలో విద్యార్థి చేరిన యేడును, పరీక్షాశాఖలో పరీక్ష జరిగిన యేడును, ధనశాఖలో ఏప్రిల్ నుండి మార్చి వఱకు గల యార్థికసంవత్సరమును సూచింపవచ్చును. మూడుచోట్లను 1987 అనియే యుండును. కొన్ని పట్టికలలో గడువుతేదీ స్థానమున అన్నియు తొమ్మిదులే యున్నచో, అది తేదీయే కాదు. గడువు లేదనుటకు సంకేతము. స్వరాష్ట్రమునకు దూరముగా బోధించుచున్న నాకు నిత్యము కనబడు ఉదాహరణ మింకొకటి గలదు. మనలో ఇంటిపేరు ముందును, పెట్టినపేరు వెనుకను వచ్చును. ఇతరప్రాంతముల దరఖాస్తులలో పెట్టినపేరునకు మొదటి గడి, వంశనామమునకు చివరి గడి. తెలుగు విద్యార్థి తన పేరును వాడుకచొప్పున వ్రాయగా అతని యింటిపేరే పెట్టినపేరుగా నమోదగును. ఒక పట్టికలో ఇట్లును, మఱియొకదానిలో సరిగాను ఉన్నచో యంత్రమునకు అతడు ఇద్దరు మనుష్యులు.

4. మూడు మార్గములు

ఈ భేదములు గల నిధులను ఏకముగా చదువుటకు మూడు మార్గములు గలవు.

మొదటిది, ప్రాతదానిని విడిచి అంతయు క్రొత్తగా వ్రాయుట. కాలమును, ధనమును మిక్కిలిగా కోరును. పైన జెప్పిన పూర్వజ్ఞానము జారిపోవు నపాయము గలదు.

రెండవది, అన్ని నిధులనుండియు దత్తాంశమును నకలు తీసి ఒక క్రొత్త భాండాగారమున జేర్చుట. ఇందుచే మూలములకు భంగము లేదు. దీర్ఘకాలపు పరిశీలనలకు ఇది యనుకూలము. కాని నకలు తీసిన క్షణమునుండియే అది పాతబడుట మొదలిడును. 1891 మొదలు 1903 వఱకు మూడు భాగములుగా వెలువడిన ఆఫ్రెక్ట్ పండితుని ‘కాటలోగస్ కాటలోగోరమ్’ సంస్కృత వ్రాతప్రతుల జాబితాల కన్నిటికి జాబితా. క్రొత్త ప్రతులు, క్రొత్త జాబితాలు వెలికివచ్చుచుండుటచేతనే గదా మద్రాసు విశ్వవిద్యాలయము ఆ పనిని మరల చేపట్టి 1949లో ‘న్యూ కాటలోగస్ కాటలోగోరమ్’ మొదటి సంపుటమును ప్రకటింపవలసివచ్చినది!

మూడవది ఛాయామార్గము. దత్తాంశమును తరలింపక, నకలు దాచక, ప్రశ్న వచ్చినప్పుడు మాత్రము మూలనిధుల కడకుపోయి అడిగి, వచ్చిన ప్రత్యుత్తరములను ఒకే రూపమున కూర్చి యిచ్చుట.

5. ఛాయానిధి - నామము, నిర్మాణము

‘వర్చువల్’ అను మాటను కొందఱు ‘మిథ్యా’ యని యనువదించుచున్నారు. ఇచ్చట అది పొసగదు. దత్తాంశము మిథ్య కాదు; అంతయు ఒకేచోట నున్నదను తోపు మాత్రమే కల్పితము. సంస్కృతనాటకములలో ప్రాకృతవాక్యముల క్రింద సంస్కృతచ్ఛాయ నిచ్చు సంప్రదాయము మన మెఱుగుదుము. శకుంతల ప్రాకృతమే పలుకును. ఆ పలుకు మారదు. సంస్కృత మొక్కటియే తెలిసినవాడును ఛాయమూలమున నాటకమంతయు ఒకే భాషలో చదువగలడు. ఈ పొర చేయు పనియు సరిగా నిదియే. కావున దీనిని ‘ఛాయానిధి’ యని వ్యవహరించుచున్నాను. మిత్రు లింతకంటె మేలైన మాట సూచించినచో సంతోషింతును.

ఈ భావము ఒక్కనాట పుట్టినది కాదు. 1975లో అమెరికా ప్రమాణసంస్థకు చెందిన యొక సంఘము దత్తాంశనిధిని మూడంతస్తులుగా భావింపవలెనని సూచించెను: యంత్రమున నిలువయుండు రూపము, సంస్థ మొత్తమునకు సామాన్యమైన భావరూపము, ఒక్కొక్క వాడుకరికి కనబడు రూపము. పై యంతస్తును చూచువానికి క్రిందియంతస్తుతో పనిలేదు. 1985లో హైంబిగ్నర్, మెక్‌లియాడ్ అనువారు, స్వతంత్రముగా నిర్వహింపబడు నిధులు తమ స్వాతంత్ర్యమును విడువకయే సమాఖ్యగా నేర్పడు పద్ధతిని వర్ణించిరి. 1992లో జియో వీడర్‌హోల్డ్ అడుగువానికిని మూలములకును నడుమ నిలుచు మధ్యవర్తి యను భావమును ప్రచారమునకు తెచ్చెను. 2003 నాటి ఎస్.క్యు.ఎల్. ప్రమాణమున, వెలుపలి నిధులలోని దత్తాంశమును తన పట్టికవలె చూచుకొను పద్ధతికి ప్రత్యేకభాగమే కలదు.

నిర్మాణమున ముఖ్యాంగములు మూడు. మొదటివారు దుబాసీలు: ప్రతి మూలనిధికిని ఒక్కొక్క దుబాసీ ప్రోగ్రాము. మెయిన్‌ఫ్రేమ్ దుబాసీకి ఎబ్సిడిక్ తెలియును, ఇమిడ్చిన అంకెలు తెలియును, వంశవృక్షము నెక్కుట తెలియును. అతని కీ విద్య కోబాల్ ప్రోగ్రాములలో ‘కాపీబుక్’ అను పేర దాచబడు వర్ణనమునుండి లభించును. ఏ గడి ఎన్నవబైటున మొదలగునో, ఎంతపొడవో, అక్షరమో అంకెయో అందు వ్రాసియుండును. రెండవది భావపటము: ఏ మూలమునందలి ఏ గడి, ఛాయానిధిలోని ఏ గడికి సమానమో తెలుపు పట్టిక. మూడవది ప్రశ్నావిభాజకము: వచ్చిన ప్రశ్నను ముక్కలుచేసి తగినచోటికి తగినముక్కను పంపి ప్రత్యుత్తరములను కూర్చునది.

ఇది నడచు తీరు ఒక కల్పితోదాహరణముతో స్పష్టపడును. ఒక విశ్వవిద్యాలయమున మెయిన్‌ఫ్రేమ్‌పై 2,00,000 విద్యార్థుల పట్టికయు, వేఱొక క్రొత్తయంత్రమున 50,000 పుస్తకముల యెరవు పట్టికయు ఉన్నవనుకొందము. ‘తెలుగు ఎం.ఏ. చదివినవారిలో గ్రంథాలయపు పుస్తకములు తిరిగి యియ్యనివారెవరు?’ అని ప్రశ్న. తెలివిలేని విభాజకము రెండు పట్టికలను సమగ్రముగా రప్పించి 2,50,000 వరుసలను ముందు పఱచుకొనును. తెలివిగలది మొదట మెయిన్‌ఫ్రేమ్‌ను ‘తెలుగు ఎం.ఏ. వారి సంఖ్యలు మాత్రము పంపుము’ అని యడుగును. 300 సంఖ్యలు వచ్చినవనుకొందము. పిమ్మట గ్రంథాలయమును ‘ఈ 300 మందిలో బాకీయున్నవారెవరు’ అని యడుగును. నలువదిమంది పేళ్లు వచ్చును. మార్గమున ప్రయాణించినవి 640 అంశములే. వడపోత మూలముకడనే జరుగవలెననునది ఈ విద్యలో ప్రథమసూత్రము.

6. మన దేశపు దృష్టాంతము

ఈ భావమునకు దగ్గఱగా నున్న మహోదాహరణము భారతీయ రైల్వేల సీట్ల రిజర్వేషను వ్యవస్థ. అది ఐ.బి.ఎం. మెయిన్‌ఫ్రేములపై నడచినది కాదు. దానిని ఛాయానిధి యనుటయు ఖండితముగా సరికాదు. కాని మూలములు ఎక్కడివక్కడ నుండగా ఒకే ద్వారమున సేవ నందించు సూత్ర మందు ప్రత్యక్షమగును. 1978లో ఐ.బి.ఎం. భారతదేశమున తన వ్యాపారమును చాలించుకొనిన పిమ్మట దాని యంత్రముల పోషణభారమును వహించిన ప్రభుత్వసంస్థ సి.ఎం.సి. ఆ సంస్థ నిర్మించిన రిజర్వేషను వ్యవస్థ 1985లో ఢిల్లీలో ప్రారంభమైనది. తరువాత ఇతర ప్రధానకేంద్రములలో నెలకొనినది. ఏ కేంద్రపు రైళ్లు ఆ కేంద్రపు నిధిలోనే. ఒక కేంద్రపు కిటికీలో వేఱొక కేంద్రపు రైలునకు సీటు నడిగిన ప్రయాణికుని కష్టము నాటివారికి జ్ఞాపకముండును.

రైల్వే సమాచారవ్యవస్థల కేంద్రము రూపొందించిన ‘కన్సర్ట్’ అను క్రొత్తవ్యవస్థ 1994లో మొట్టమొదట సికింద్రాబాదున అమలైనది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రము లైదును ముడివడినవి. నిధులు అయిదుగానే యున్నవి. కిటికీకడ నిలిచినవానికి అవి ఒక్కటియే. 2002లో ఇంటర్నెట్టు ద్వారమున టికెట్ల విక్రయము ప్రారంభమైనప్పుడును ప్రాత నిధులను త్రోసివేయలేదు. వానికి మఱియొక ద్వారము తెఱచిరి. కాశిలో చదువుచున్న గుంటూరు పిల్లవాడు ఏ కేంద్రమున ఏ రైలున్నదో తెలియకయే ఇంటికి టికెట్టు తీసికొనుచున్నాడు. దత్తాంశము స్థలమును మఱపించుట యన నిదియే.

7. పరిమితులు

ఛాయానిధి సర్వరోగనివారిణి కాదు. దాని పరిమితులను తెలిసికొననిదే దానిని కోరరాదు.

మొదటిది వేగము. ప్రత్యుత్తరము అందఱిలో మందగామియైన మూలము వచ్చువఱకు పూర్తికాదు. ప్రాతయంత్రము పగలంతయు తన స్వంతకార్యమున నిమగ్నమైయుండును. పరీక్షాఫలితముల వేళ ఛాయానిధి ప్రశ్నలు దానిపై బడినచో రెండుపనులును కుంటుపడును. అందుచే తఱచుగా నడుగబడు, అరుదుగా మాఱు అంశములను కొంతకాలము నకలుగా నుంచుకొనుట అలవాటు. అనగా ఆచరణమున రెండవ, మూడవ మార్గములు కలిసి నడచును.

రెండవది వ్రాత. చదువుట సులభము, ఛాయమూలమున వ్రాయుట కష్టము. రెండు మూలములలో ఒకేసారి మార్పు చేయవలసినప్పుడు ఒకటి వ్రాసికొని రెండవది నిరాకరించినచో లెక్క చెడును. ముందుగా ఇరువురను ‘సిద్ధమా’ యని యడిగి, ఇరువురును సిద్ధమన్న పిమ్మటనే ‘వ్రాయుడు’ అని చెప్పు రెండంచెల పద్ధతి కలదు. ప్రాతయంత్రములన్నియు దానికి లొంగవు. కావున అనేకసంస్థలు ఛాయానిధిని చదువుటకే పరిమితము చేసి, వ్రాతను ప్రాత ప్రోగ్రాముల ద్వారమున నడపుదురు.

మూడవది నియమములు. ప్రాత ప్రోగ్రాము దత్తాంశమును చూపునప్పుడు కొన్ని నియమములను పాటించును: రద్దైన వరుసలను దాచును, సంకేతములను విప్పిచెప్పును. ఛాయానిధి ప్రోగ్రామును దాటి నేరుగా నిధిలోనికి పోయినచో, రద్దైన విద్యార్థియు సజీవుడై కనబడును.

నాల్గవది గోప్యత. విడివిడిగా నున్నప్పుడు నిరపాయమైన విషయములు కలిసినప్పుడు మనుష్యుని గుట్టును బయటబెట్టవచ్చును. ఎవరేమి చదువవచ్చునో ఛాయానిధియందే నిర్ణయింపవలెను.

అన్నిటికంటె పెద్దది అర్థభేదము. లిపిభేదమును దుబాసీ తీర్చును. రూపభేదమును భావపటము తీర్చును. ‘సంవత్సరము’ అనగా ఏ సంవత్సరమో ఏ యంత్రమును చెప్పజాలదు. అది ఆ పట్టికను నడపిన మనుష్యుని తలలో నుండును.

8. ఒక యనుభవము

1990 దశకపు చివర, పరిశోధకుడుగా నుండగా, నేనొక సంస్థలో కొంతకాలము పనిచేసితిని. అచ్చట అంతకు పదియేండ్ల క్రిందట నిఘంటుకార్యమునకై సేకరించిన పదముల చీట్లను పెద్దయంత్రమున నెక్కించియుండిరి. నాటి ముద్రణయంత్రమునకు ఆంగ్లపు పెద్దయక్షరములు తప్ప తెలియవు. కావున ఎక్కించినవా రొక యుపాయము చేసిరి. దీర్ఘమునకు అచ్చును రెండుసార్లు వ్రాసిరి. ట, డ, ణ, ళ అను మూర్ధన్యముల కొఱకు త, ద, న, ల అక్షరములకు వాడిన గుర్తునే వాడి ప్రక్కన 2 అను అంకె నుంచిరి. ఆ యుపాయము నెఱిగినవారికి పాఠము నిర్దుష్టము.

కొన్నేండ్లకు యంత్రమును మార్చవలసివచ్చెను. దత్తాంశమును క్రొత్తయంత్రమునకు తరలించునప్పుడు, పదముల నడుమ నున్న 2 అను అంకెలు ఎవరికిని అర్థము కాలేదు. చీటీల వరుససంఖ్యల శేషములు కాబోలునని వానిని తుడిచివేసిరి. పట్టిక శుభ్రముగా కనబడెను. తరలింపు ముగిసినదని ప్రాతటేపులను చెరిపి వేఱుపనికి వాడుకొనిరి. అటుపిమ్మట కల, కళ ఒక్కటైనవి; పాత, పాట ఒక్కటైనవి; మాత, మాట ఒక్కటైనవి. పదివేల పదములలో ఏది యేదియో తెలియక మేము తలలు పట్టుకొంటిమి. పదవీవిరమణ చేసిన యొక యుద్యోగిని మేము వెదకిపట్టుకొని యడుగగా, ఆమె నిమిషమున ఆ 2 మర్మమును విప్పిరి. అప్పటికే 2 లేదు. చీటీలపెట్టెలు కొన్ని చెదలు తినిపోయినవి. మిగిలిన చీటీలతో సరిచూచుటకు రెండేండ్లు పట్టినది. చీటీలు లేని పదములలో ప్రయోగవాక్యముచే నిశ్చయింపరానివి నేటికిని సంశయగ్రస్తములే.

ఇందు ఎవరి దురుద్దేశమును లేదు. తరలించినవారు శ్రద్ధతోనే తరలించిరి. దోషము పద్ధతిది: వ్యాఖ్యానమును మూలముపై వ్రాసి మూలమును తుడిచివేసితిమి. ఛాయాపద్ధతిలో నైనచో, ‘2ను విడిచిపెట్టుము’ అను తప్పు సూత్రము దుబాసీలో నుండెడిది. మూలము మూలముగానే యుండెడిది. ఆ యుద్యోగిని చెప్పిననాడు సూత్రమును ఒక్క పంక్తిలో దిద్దియుందుము. ఛాయానిధి ముఖ్యగుణము వేగము కాదు, సౌలభ్యము కాదు. దాని తప్పులు దిద్దుకొనదగినవి. చెడుపాఠమును ముద్రించిన పరిష్కర్త తాళపత్రమును కాల్పనంతవఱకు, తరువాతివాడు దానిని సవరింపగలడు.

9. కర్తవ్యము

పైవిషయములనుండి మనకు తేలునవి రెండు.

ప్రాత దత్తాంశమును తరలించు ప్రతిపాదన వచ్చినప్పుడు, మూలమును ఉన్నదున్నట్లుగా భద్రపఱచి, దానిపై చదువు పొరను కల్పింపుడని మనము కోరవలెను. యంత్రమే శిథిలమైనచో కనీసము మూలపు బైట్లను మార్పులేకుండ క్రొత్తమాధ్యమమునకు ఎక్కించి, అనువాదమును వేఱుగా నుంచవలెను. శుభ్రపఱచుట యను పేర మూలమును ముట్టనీయరాదు.

రెండవది మఱింత అత్యవసరము. ప్రతి పట్టికకును ఒక వివరణపత్రము వ్రాయవలెను: అక్షరములకు వాడిన సంకేతము, గడుల పొడవు, కొలమానము, సంవత్సరము మొదలగు మాటల యర్థము, తొమ్మిదుల వంటి ప్రత్యేకసంకేతములు, పద్ధతి ఎప్పుడెప్పుడు మాఱినది. దీనిని వ్రాయగలవారు ఆ పట్టికలను తమచేతులతో ఎక్కించినవారు. 1980 దశకమున ఉద్యోగమున చేరినవారిలో పెక్కుమంది ఇప్పటికే పదవీవిరమణ చేసిరి. వారిని కలిసికొని అడిగి వ్రాసికొనుటకు ధనము పెద్దగా నక్కఱలేదు. కొన్ని మధ్యాహ్నములు చాలును.

ఈ పని యంత్రశాస్త్రజ్ఞులదని మనము తప్పించుకొనరాదు. దుబాసీని వారు నిర్మింతురు. ఒక సంకేతమునకు ఆ కాలమున, ఆ చోట, ఆ వ్రాయసకాని మనస్సున ఏయర్థ ముండెనో నిర్ణయించుట వ్యాఖ్యాతల పని. అది మన వృత్తి. ప్రాకృతచ్ఛాయనే చదువుచు ప్రాకృతమును ఉపేక్షించినప్పుడు నాటకప్రతులలో ప్రాకృతపాఠము లెట్లు చెడినవో మన మెఱుగుదుము. ఛాయ చదువుటకు, మూలము కాపాడుటకు. మన శాఖలోని ప్రాత పట్టికల జాబితాను ఈ విద్యాసంవత్సరమున సిద్ధపఱుప నారంభించితిమి. తమకడ నట్టివి యున్న ఇతరశాఖలవారును ఇట్లే చేసినచో, అవన్నియు కలిసి యొకనాడు ఒకే నిధివలె చదువబడుటకు దారి యేర్పడును.